చెయ్యెత్తితే వచ్చిన డబ్బా

ఆ ఆంప్లిఫయర్ మా ఇంటికి రావడానికి కారణం ఒక కోడి. ఎవరికి చెప్పినా నమ్మరు గానీ, ఆ రోజు చర్చిలో ఉన్న వాళ్లంతా సాక్షులే.

మేముండేది శామీర్‌పేటలో, చెరువుకు కాస్త ఇవతల. చర్చి మేడ్చల్‌లో. కోత పండుగ నాడు మా చర్చి లోపల పొలం వాసన వేస్తుంది. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, ఆకులతో సహా నిలబెట్టిన చెరుకు గడలు, కాళ్లు కట్టిన కోళ్లు, తడి గోనెపట్టా కప్పిన చేపల గంప, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. పొలం లేని వాళ్లు కొబ్బరికాయలో, కుట్టిన దిండు గలీబులో తెస్తారు. ఆరాధన అయ్యాక వేలం. ఈ వేలానికి ఒక పద్ధతి ఉంది. ఒకసారి ధర చెప్పాక వెనక్కి తగ్గకూడదు, దేవుడి ఇంట్లో అన్న మాట అన్నట్టే. ఇంకో పద్ధతి, కొన్న వస్తువు చర్చికి పనికొచ్చేదైతే దాన్ని ఇంటికి మోసుకుపోకుండా మళ్లీ చర్చికే ఇచ్చేస్తారు. మొదటి వరి కట్టను అలా కొని ఇచ్చి, కొని ఇచ్చి, సాయంత్రానికి గింజలన్నీ నేల మీదే రాలిపోతాయి.

వేలం వేసేది సంఘ పెద్ద. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. మైకు అక్కర్లేని గొంతు. మూడోసారి అనగానే అలవాటు కొద్దీ "రైట్!" అని అరుస్తాడు. నవ్వని వాళ్లుండరు.

ఆ ఏడు స్టోరు గది ఖాళీ చేస్తూ కమిటీ వాళ్లు గుమ్మడికాయల పక్కన ఒక పాత ఆంప్లిఫయర్ పెట్టె కూడా తెచ్చి పెట్టారు. నల్ల రెక్సిన్ అంచుల్లో లేచిపోయింది. ముందు గుడ్డ చిరిగి లోపలి స్పీకరు కనబడుతోంది. ఒకప్పుడు క్వైర్‌లో గిటార్ వాయించే వాళ్లు దీన్నే వాడేవారట. కొత్త సౌండ్ సిస్టమ్ వచ్చాక దీని మీద విరిగిన కుర్చీలు పేర్చారు. సంఘ పెద్ద దాన్ని చూపిస్తూ "ఎవరన్న ఉన్నరా? ఉత్తగ అయితే ఇయ్య" అంటున్నాడు. ఎవరూ లేరు. అప్పుడే మా బెంచీ కింద ఎవరో కొని పెట్టుకున్న కోడి కాలి తాడు ఊడింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న నా భార్య అది చూసి, నాకు చెప్పడానికి చెయ్యి పైకెత్తి ఊపింది.

"అగో, చెల్లె ఎత్తింది! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, రైట్!"

ఇంకెవరైనా అయితే "అయ్యో, కాదన్నా, కోడి!" అని అరిచేవాళ్లు. ఆమె అరవలేదు. అరవలేదు కాబట్టే ఈ కథ.

మా క్వైర్‌లో ఏ కీర్తనైనా మొదటి చరణం ఎత్తుకునేది ఆమే. మిగతా వాళ్లు ఆమె వెనకాలే వచ్చేవారు. మా పెళ్లికి ముందు నేను ఆమెను చూడకముందే ఆమె గొంతు విన్నాను. ఆలస్యంగా వచ్చి చర్చి బయట చెప్పులు విప్పుతూ విని, ఒక చెప్పు చేత్తోనే పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను. అలాంటి గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. గొంతు కూడా దానితోనే పోయింది. నరం నొచ్చుకుంది, కొంత తిరిగొస్తుంది, ఎంత వస్తుందో చెప్పలేం అన్నాడు డాక్టర్. వచ్చింది కొంతే. బొంగురుగా, కింది శ్రుతిలో, మధ్యమధ్య గాలి మాత్రమే వస్తూ. ఇంట్లో గుసగుసగా మాట్లాడేది. బయట చేతులతో. కూరగాయల బండి దగ్గర, బస్సులో, చర్చిలో, అంతా చేతులే. క్వైర్ మానేసి వెనక బెంచీకి మారింది. పాట వచ్చినప్పుడు పుస్తకం తెరిచి పెట్టుకునేది, పెదవులు మాత్రం కదిలించేది కాదు. నేను మగవాళ్ల వైపు నుంచి ఆ మూసిన పెదవులనే చూస్తూ కూర్చునేవాణ్ని. దేవుడి మీద కోపం వచ్చేది. చర్చిలో కూర్చుని దేవుడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత ఇబ్బందో అది పడ్డవాడికే తెలుస్తుంది.

అలా ఆ డబ్బా మాకు తగులుకుంది. స్కూటర్ మీద మా ఇద్దరి మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాం. దారి పొడుగునా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆమె నా వీపు మీద ఒకటి వేసింది.

నేను మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ని. మోటార్లు, ప్యానెల్ బోర్డులు నా లోకం. ఈ డబ్బాలో ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులున్నాయి. గాజు బల్బుల్లాంటివి, లోపల సన్నని తీగలు, రేకులు. మా నాయిన రేడియోలో చూసినవే, మళ్లీ ఇప్పుడే చూడడం. పాత ఇనుము వాడికి వేసెయ్యమని పక్కింటి వాళ్లు చెప్పారు. నాకేమో దాన్ని విప్పి చూడాలనిపించింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు తయారయ్యాను.

మేడ మీద రేకుల గదిలో ఆమె కుట్టు మిషన్ ఉంటుంది. ఆ గదిలోనే ఒక మూల బల్ల వేసుకున్నాను. డ్యూటీ దిగి వచ్చాక వెలుగు ఉన్నంతసేపు అక్కడే. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ముందు మిషన్ మీద, తర్వాత నా బల్ల మీద, చివరికి గోడ మీద పడేది. అక్కడికి చేరేసరికి ఎండ రంగు మారిపోయేది. ఆమె జాకెట్లు కుట్టేది. నేను దుమ్ము దులిపేవాణ్ని. ఆ సాయంత్రాలు ఇప్పుడు తలచుకుంటే ఒక్కటే పెద్ద సాయంత్రంలా అనిపిస్తాయి.

వెనక చెక్క విప్పితే లోపల చర్చి చరిత్రంతా బయటపడింది. క్రిస్మస్ రంగు కాగితం తోరణం ముక్క, కరిగిన కొవ్వొత్తి, బల్లి గుడ్ల పెంకులు, ట్రాన్స్‌ఫార్మర్ వెనక కందిరీగ కట్టుకున్న మట్టి గూడు. గూడును ఊడగొట్టబోతే ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. లోపల పురుగులేమీ లేవని చూపించాక వదిలింది. పాత బ్రష్‌తో అంతా తుడిచాను. వాల్వుల్లో ఒకటి పైన వెండిలా మెరవాల్సింది పాలలా తెల్లబడి ఉంది. లోపలికి గాలి దూరితే అలా అవుతుంది, ఇక అది పనికిరాదు. మేడ్చల్ మార్కెట్లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్న ముసలాయన దగ్గర అటక మీద దొరికింది దాని జోడీ, పాత పేపర్లో చుట్టి. "దీన్ని ఎవలన్న అడుగుతరని ఇగ అనుకోలే" అని ఆయన దాన్ని రెండు చేతులతో ఇచ్చాడు.

ఎండిపోయిన కండెన్సర్లు మార్చాను. వైర్లు కొన్ని ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతున్నాయి, అవీ మార్చాను. స్పీకరు కాగితం మాత్రం నా వల్ల కాలేదు. ఎలుక కొరికిన చోట అరచేతి పొడుగున చీలిక. కొత్త స్పీకరు వేసేద్దామన్నాను. ఆమె నన్ను పక్కకు జరిపి, కొత్త చీరల మడతల మధ్య వచ్చే పల్చటి కాగితాన్ని సన్నగా చించి, గమ్ము నీళ్లలో ముంచి, చీలికను రెండు వైపులా అతికించింది. గోటితో మెల్లగా నొక్కుతూ, పసిపిల్లల ఒళ్లు తడిమినట్టు. ముందు గుడ్డకు జాకెట్ లైనింగ్ గోధుమరంగుది మిగిలితే అది లాగి బిగించింది.

మొదటిసారి స్విచ్ వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇల్లలకగానే పండుగ కాదు కదా. ఎక్కడో ఒక అతుకు నేనే వదిలేశాను. రెండోసారి మా ఫ్యాక్టరీ పద్ధతిలో, కరెంటు దారిలో ఒక మామూలు బల్బు పెట్టి వేశాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, పెట్టె కాలిపోకుండా బతుకుతుంది. బల్బు ఒక్కసారి వెలిగింది. తర్వాత అది మెల్లగా మసకబారింది. మసకబారుతుంటే, పెట్టె లోపల చీకట్లో వాల్వుల అడుగున నారింజ రంగు చుక్కలు ఒక్కొక్కటే లేచాయి. వెచ్చని దుమ్ము వాసన వచ్చింది. స్పీకరులోంచి ఒక సన్నని హమ్ మోత, చెరువు అవతలి గట్టు మీద ఎవరో గొంతు సవరించుకుంటున్నంత దూరంగా.

ఆమె కుట్టు మిషన్ ఆపేసింది.

నాకు ఆ హమ్ నచ్చలేదు. చెడ్డ ఎర్తింగ్ అంటే మా డిపార్టుమెంటులో పరువు తక్కువ. ఎర్త్ మార్చాను, వైర్లు దూరం జరిపాను, చాలావరకు తగ్గింది. కొంచెం మిగిలిపోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఆ మిగిలిన హమ్‌ను కూడా చంపేదాకా ఊరుకోనని మళ్లీ విప్పబోయాను. ఆమె దగ్గరికి వచ్చి, అప్పటికి చాలా రోజుల తర్వాత గుసగుస కంటే కొంచెం పైకి అన్నది:

"ఉండనీ. ఊపిరి తీస్కుంటాంది."

స్క్రూ డ్రైవర్ కింద పెట్టేశాను.

పాత కాలపు పెట్టె కాబట్టి గిటార్‌కు ఒక రంధ్రం, మైకుకు ఒక రంధ్రం, రెండూ ఉన్నాయి. గిటార్ మా దగ్గర లేదు. మైకు ఒకటి అడిగి తెచ్చి "హలో, హలో" అన్నాను. నా గాడిద గొంతు కూడా అందులోంచి పెద్దమనిషి గొంతులా వచ్చింది. మైకు ఆమె వైపు చాపాను. తల అడ్డంగా ఊపి, కిందికి వెళ్లి పొయ్యి మీద అన్నం చూసుకుంది. ఇంకెప్పుడూ చాపలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. మైకు బటన్ నేనెప్పుడూ సున్నా దగ్గరకు తిప్పి వెళ్తాను. సాయంత్రం వచ్చి చూస్తే అది మధ్యలో ఉండేది. పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది, ఎవరో అప్పుడే లేచి వెళ్లిన కుర్చీలా. బటన్‌ను మళ్లీ సున్నాకు తిప్పేవాణ్ని. మర్నాడు అది మళ్లీ మధ్యకు వచ్చేది.

ఒకరోజు షిఫ్టు మారి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. మెట్ల దగ్గరే వినబడింది. మాటలు లేవు, రాగమే. పాత గొంతు కాదు. ఇది కిందెక్కడో, మట్టి రోడ్డు మీద నెమ్మదిగా నడుస్తున్నట్టు గరుకుగా ఉంది. పైకి ఎక్కవలసిన చోట తెగిపోయింది. దగ్గు. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే తెగింది. మళ్లీ మొదటి నుంచి. నేను మెట్టు మీద కూర్చున్నాను. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పడానికి. ఆగిపోయాక చప్పుడు చేయకుండా గేటు బయటికి వెళ్లి, అప్పుడే వచ్చినట్టు స్కూటర్ హారన్ కొట్టాను.

ఇంత తెలిసీ నేను చేసిన పని చూడండి.

మళ్లీ కోత పండుగ దగ్గర పడింది. ఆ పెట్టె చర్చిది, బాగుపడ్డాక చర్చికే ఇవ్వడం పద్ధతి అని నా బుర్రలో పడింది. ఇంకో ఆశ కూడా ఉంది. ఈ పెట్టె చర్చికి చేరితే దాని వెనకాలే ఆమె పాట కూడా చేరుతుందనుకున్నాను. కొన్నవాళ్లు ఎలాగూ చర్చికే ఇచ్చేస్తారు, అది మళ్లీ క్వైర్ పక్కన ఉంటుంది, ఒక ఆదివారం ఆమె లేచి వెళ్లి దాని ముందు నిలబడుతుంది. ఇదంతా నా ఊహ. ఆమెను అడిగాను. మిషన్ ముందు కూర్చుని నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. నా వైపు చూడకుండా చెయ్యి వెనక్కి విసిరింది. తీసుకుపో అన్నట్టు అనిపించింది. సంఘ పెద్ద ఆమె చెయ్యిని చూసి ఏదో అనుకున్నాడని ఏడాదంతా నవ్విన మనిషిని నేను.

పండుగ నాడు పెట్టెను వేదిక ముందు పెట్టాను. సంఘ పెద్ద మొదలుపెడుతూనే అన్నాడు:

"ముందుగాల్నే చెప్తున్న, ఈసారి చేతులు సూడ. నోటితోని చెప్తెనే లెక్క. పోయిన యేడు కోడిని పిలిస్తె డబ్బా పోయింది!"

అందరూ నవ్వారు. ఆమె తల దించుకుంది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

పెట్టె వంతు వచ్చింది. క్వైర్‌లో గిటార్ వాయించే అతను వైరు పెట్టి నాలుగు తీగలు మీటాడు. ఆ శబ్దం గుమ్మడికాయల మీదుగా, వడ్ల బస్తాల మీదుగా మెల్లగా వచ్చి అందరి ఒళ్లో కూర్చుంది. కొత్త సౌండ్ సిస్టమ్ ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు. వేలం మొదలైంది. మన వాళ్లు నలుగురైదుగురు చెప్పారు. అప్పుడు ఒక కొత్త గొంతు లేచింది. ఎవరింటికో చుట్టపుచూపుగా కొంపల్లి విల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి. పక్కవాళ్లతో అంటున్నాడు, "హాల్ల పెడ్తే మస్తుంటది. పాత సామాన్లంటే నాకు ఇష్టం. వాయించనీకి కాదు, సూపుకే." ఆయన చెప్పిన ధరకు మన వాళ్లందరూ వెనక్కి ఒరిగి కూర్చున్నారు.

ఆయనకు మా పద్ధతి తెలియదు, తెలియాలని కూడా లేదు. ఆ పెట్టె ఇక చర్చిలో ఉండదు, రేకుల గదిలో ఉండదు, కొంపల్లిలో ఏసీ హాల్లో పూలకుండీ పక్కన, స్విచ్ వెయ్యకుండా ఉంటుంది. నేను ఇచ్చినవాణ్ని, ఇచ్చిన చేత్తో నేనే ధర చెబితే మర్యాద కాదు.

"ఒకటోసారి," అన్నాడు సంఘ పెద్ద.

నేను ఆడవాళ్ల వైపు చూశాను. వెనక బెంచీలో ఒక చెయ్యి నిటారుగా లేచి ఉంది.

"రెండోసారి. చేతులు సూడనన్న గద చెల్లె." ఆయన నవ్వుతూనే అన్నాడు. చెయ్యి దిగలేదు. అంతకంటే పైకి లేచింది. ఆయన నవ్వు కొంచెం తగ్గింది, కానీ అందరి ముందూ పెట్టుకున్న షరతు, మూడోసారి అనడానికి నోరు తెరిచాడు.

ఆమె లేచి నిలబడింది. మొదట గాలే వచ్చింది. గొంతు మీద చెయ్యి వేసుకుంది. రెండోసారికి వచ్చింది, బొంగురుగా, విరిగి, కానీ ముందు బెంచీ దాకా వినబడేంత:

"ఇంకో వంద. నేనిస్త. అది నాది."

చర్చిలో కోళ్లు కూడా ఊరుకున్నాయి. ఏడాదిన్నరగా ఆ గొంతు అక్కడ ఎవరూ వినలేదు. అందరికీ పాత గొంతే గుర్తు. కొంపల్లి పెద్దమనిషి ఏదో అనబోయి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి మానుకున్నాడు. సంఘ పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"మూడోసారి," అన్నాడు. రైట్ అనడం మరిచిపోయాడు.

పెట్టెను చర్చికి తిరిగి ఇస్తారా అని ఎవరూ అడగలేదు. మళ్లీ మా ఇద్దరి మధ్య పెట్టుకుని మేడ్చల్ నుంచి బయలుదేరాం. సాయంత్రం అయింది. ఊరు దాటాక ఎండ పచ్చగా పొలాల మీద పడుకుని ఉంది. నాకు సిగ్గుగా ఉంది, సంతోషంగా ఉంది, ఈ రెంటిలో ఏది ముందు చెప్పాలో తెలియలేదు.

"ఆ రోజు చెయ్యి అట్ల ఊపినవ్ గద. తీస్కపో అంటున్నవ్ అనుకున్న," అన్నాను.

"వద్దన్న," అంది వెనక నుంచి. "నువ్వు గూడ గా వేలమేసిన అన్న లెక్కనే సూస్తివి. పక్కల ఉండి గూడ," అంది.

ఆమె రెండు చేతులతో పెట్టెను చుట్టి, గడ్డం దాని మీద ఆనించింది. పెట్టె నా వీపుకు ఆనుకుంది.

చెరువు కనబడింది. నీళ్ల మీద వెలుగు పోతూ పోతూ ఆగినట్టుంది. అప్పుడు నా వీపులో హమ్ మొదలైంది, అదే సన్నని హమ్. ఒక్క క్షణం నాకు భయమేసింది. వైరు చుట్టి లోపల పెట్టింది నేనే, వాల్వులు చల్లారి చాలాసేపైంది. తర్వాత అర్థమైంది. ఆమె కూనిరాగం తీస్తోంది. గొంతు చెక్కలోకి దిగి, చెక్కలోంచి నా వెన్నులోకి వస్తోంది. పైకి ఎక్కవలసిన చోట తెగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

మా సందు వచ్చింది. నేను స్కూటర్ మలపలేదు.